క్యాప్షన్‌ను బొటనవేలితో మూసి చూడండి: పసిఫిక్ దీవుల యుద్ధ ఫోటోలను చదివే పద్ధతి

యుద్ధం ఫోటో చేతికి రాగానే ఎవరైనా ముందు దాని కింద ఏం రాసి ఉందో చదువుతారు. పత్రిక ఫోటో విభాగంలో చేరిన కొత్తలో నేనూ అలాగే చదివేదాన్ని. మా డార్క్‌రూమ్ పెద్దాయన ఒకరోజు వెనక నిలబడి చూసి, "ఆ క్యాప్షన్‌ను బొటనవేలితో మూసెయ్యమ్మా. బొమ్మ చెప్పేది విన్నాక తీద్దువుగాని" అన్నారు. ఆ అలవాటు తర్వాత ఎన్ని తప్పుల నుంచి కాపాడిందో లెక్క చెప్పలేను. అది మరిచిపోయిన రోజు జరిగిన తప్పు మాత్రం ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

ఒక వార్షికోత్సవ పేజీ కోసం రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్‌లో అమెరికన్ సేనాని అయిన జనరల్ మెకార్థర్ ఫిలిప్పీన్స్‌లో మోకాలి లోతు నీళ్లలో ఒడ్డుకు నడిచి వస్తున్న ఫోటో తీసుకున్నాం. కింద నేను "1944 అక్టోబరు 20, లేతే దీవి" అని రాశాను. అచ్చయింది. నాలుగు రోజులకు ఒక పాఠకుడి నుంచి కార్డు వచ్చింది. అది లేతే కాదు, లుజోన్ దీవిలోని లింగాయెన్ సింధుశాఖ అనీ, తేదీ 1945 జనవరి 9 అనీ, తీసింది లైఫ్ పత్రిక ఫోటోగ్రాఫర్ కార్ల్ మైడాన్స్ అనీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. ఆయన చెప్పిందే నిజం. లేతేలో తీసిన ఫోటో వేరే ఉంది, అది సైన్యం ఫోటోగ్రాఫర్ గేటానో ఫైలేస్‌ది. అందులో మెకార్థర్‌తో పాటు ఫిలిప్పీన్స్ అధ్యక్షుడు సెర్హియో ఓస్మేనా నీళ్లలో నడుస్తుంటాడు. లింగాయెన్ ఫోటోలో ఆయన లేడు. అదే టోపీ, అవే నీళ్లు, అదే నడక అని నేను చూసింది ఒక్క మెకార్థర్‌ను. పక్కన ఉన్నవాళ్లను చూడలేదు.

ఆ కార్డు తర్వాతే ఈ ఫోటోలను పద్ధతిగా చదవడం మొదలుపెట్టాను. జపాన్‌తో జరిగిన ఆ యుద్ధంలో 1942 ఆగస్టులో గ్వాడల్‌కనాల్‌తో మొదలై 1945 ఏప్రిల్‌లో ఒకినావా దాకా అమెరికన్ సేనలు పసిఫిక్‌లో దీవి తర్వాత దీవి మీద దిగాయి. ప్రతి చోటా కెమెరాలు వెంట ఉన్నాయి. ఆ ఫోటోలు వేలల్లో తిరుగుతున్నాయి, వాటి కింద ఎవరికి తోచిన దీవి పేరు వారు పెడుతున్నారు. మీ చేతికి ఒకటి వస్తే ఏం చేయాలో, నేను చేసే వరుసలోనే చెబుతాను.

కెమెరా ఎక్కడ నిలబడింది?

నా మొదటి ప్రశ్న ఎప్పుడూ ఇదే. ఫోటోలో ఉన్నవాళ్లు ఎవరు అన్నది తర్వాత. తీసినవాడి కాళ్లు ఎక్కడున్నాయి? పడవలోనా, నీళ్లలోనా, ఇసుక మీద బోర్లా పడుకునా, విమానంలోనా?

నిజంగా కాల్పుల మధ్య తీసిన ఫోటోల్లో ఎక్కువగా వీపులు కనిపిస్తాయి. సైనికుడు ముందు, ఫోటోగ్రాఫర్ వెనక. పడవ ముందు తలుపు కిందికి పడుతుంది, మనుషులు నీళ్లలోకి దిగుతారు, కెమెరా వాళ్ల వీపుల మీదుగా ఒడ్డును చూస్తుంది. ఈ రకం ఫోటోలు చాలా వరకు అమెరికా తీర రక్షక దళం, అంటే కోస్ట్ గార్డ్ వాళ్లవి. దించే పడవలనూ రవాణా ఓడలనూ చాలా చోట్ల నడిపింది వాళ్లే, అందుకే వాళ్ల ఫోటోగ్రాఫర్లకు ఆ చోటు దొరికింది. ఇక ఒడ్డు చేరినవాడు తీసినదైతే దిగంతం కిందికో పైకో వాలి ఉంటుంది, సగం ఫోటో ఇసుకే ఉంటుంది. తల ఎత్తలేని మనిషి తీసిన ఫోటో అలాగే ఉంటుంది మరి.

మనుషులు కెమెరాకు ఎదురుగా పరుగెత్తుకు వస్తూ, ముఖాలన్నీ స్పష్టంగా కనబడుతుంటే ఆగండి. ఫోటోగ్రాఫర్ వాళ్లకంటే ముందే ఒడ్డు చేరి, శత్రువుకు వీపు చూపించి నిలబడ్డాడన్నమాట. అలా జరగదని కాదు. యూజీన్ స్మిత్ లాంటివాళ్లు సైపాన్‌లో, ఇవో జిమాలో, ఒకినావాలో ముందుకు వెళ్లి తీసేవాళ్లు, దానికి మూల్యం కూడా చెల్లించారు. 1945 మే 22న ఒకినావాలో మోర్టార్ గుండు పేలి స్మిత్ తీవ్రంగా గాయపడ్డాడు. కానీ నా అనుభవంలో ఎదురుగా తీసిన ఫోటోల్లో ఎక్కువ భాగం ఒడ్డు చేజిక్కాక వచ్చిన తర్వాతి దఫాల వాళ్లవి, లేకపోతే శిక్షణవి. దాడికి ముందు హవాయిలోని మావీ లాంటి చోట్ల పూర్తిస్థాయి సాధన జరిగేది. అక్కడ తీసినవి కూడా ఇప్పుడు యుద్ధం ఫోటోలుగానే చలామణి అవుతున్నాయి. సాధన ఫోటోను పట్టివ్వడానికి చిన్న గుర్తులు చాలు. వెనక ఎక్కడా పొగ ఉండదు. చెట్లకు ఆకులన్నీ ఉంటాయి. ఒక మూలన ఎవరో నడుం మీద చేతులు పెట్టుకుని తీరిగ్గా చూస్తుంటాడు. కాల్పులు జరిగేచోట ఎవరూ నడుం మీద చేతులు పెట్టుకోరు.

ఒక మినహాయింపు చెప్పి ముందుకు వెళ్తాను. గిల్బర్ట్ దీవుల్లోని తరావాలో మెరైన్ల (సముద్రం నుంచి ఒడ్డు మీద దిగి పోరాడే అమెరికన్ దళం) కెమెరామన్ నార్మన్ హాచ్ తీసిన చలనచిత్రంలో మెరైన్లూ జపాన్ సైనికులూ ఒకే ఫ్రేములో కనిపిస్తారు. ఆ యుద్ధం మొత్తంలో అంత అరుదైన దృశ్యాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కాబట్టి ఇరుపక్షాలూ ఒకే ఫోటోలో చక్కగా కుదిరి కనిపిస్తే ఆనందించే ముందు అనుమానించండి.

ఎండ ఏ పక్క నుంచి పడుతోంది?

ఇది నాకు చాలా ఇష్టమైన పరీక్ష. దీవి పటం ఒకటి పక్కన పెట్టుకుంటే చాలు, ఇంకే సామగ్రీ అక్కర్లేదు.

ఆ దాడులు దాదాపు అన్నీ ఉదయం పూట మొదలయ్యాయి, చాలా చోట్ల ఎనిమిదిన్నరకూ తొమ్మిదికీ మధ్య. ఆ వేళకు సూర్యుడు తూర్పున ఉంటాడు. సైపాన్, గ్వామ్, పెలెలియు, ఒకినావా — నాలుగు చోట్లా దిగింది పడమటి తీరంలో. అంటే సైనికులు తూర్పు ముఖంగా, ఎండకు ఎదురుగా వెళ్లారు. పడవలోంచి ఒడ్డు వైపు తీసిన తొలి గంటల ఫోటోలు ఎదురు వెలుతురులో ఉండాలి. మనుషులు నల్లటి ఆకారాలుగా, నీడలు కెమెరా వైపుకు పడుతూ ఉండాలి. వీపుల మీద ఎండ దండిగా పడి, బెల్టు కొక్కేలు కూడా మెరుస్తుంటే ఒకటి, అది మధ్యాహ్నం దాటాక తీసింది. లేదా ఆ దీవి కాదు.

ఇవో జిమా ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. అక్కడ 1945 ఫిబ్రవరి 19న ఉదయం తొమ్మిదికి దిగింది ఆగ్నేయ తీరంలో. ఎండ మెరైన్ల వెనక నుంచి వచ్చింది. అందుకే ఆ తొలి దఫా ఫోటోల్లో నల్ల ఇసుక గట్లు, వాటి మీద పాకుతున్న వీపులు, వీపుల మీది సంచులు అంత స్పష్టంగా ఉంటాయి. లేతేలోనూ దిగింది తూర్పు తీరమే. తరావా ఇంకోలా ఉంటుంది. అక్కడ పగడపు దిబ్బల వలయం నడుమ ఉన్న మడుగు లోపలి నుంచి, అంటే ఉత్తరం వైపు నుంచి, దక్షిణ ముఖంగా వెళ్లారు. నవంబరు ఉదయం ఎండ వాళ్ల ఎడమ పక్క నుంచి పడింది.

మబ్బు పట్టిన రోజున ఈ పరీక్ష పనికిరాదు. దట్టమైన పొగ ఉన్నా పనికిరాదు. నీడ స్పష్టంగా లేని ఫోటోలో నీడను ఊహించుకోవద్దు. నేను ఊహించుకుని ఒకసారి రెండు రోజులు వృథా చేశాను.

కుడి ఎడమలు మారాయేమో చూడండి

నెగెటివ్‌ను తిరగేసి ప్రింటు తీయడం డార్క్‌రూమ్‌లో ఎవరైనా చేసే పొరపాటు. నేనూ చేశాను. ఆ ప్రింటుకు మళ్లీ కాపీ, ఆ కాపీకి మరో కాపీ తీస్తూ పోతే తప్పు స్థిరపడిపోతుంది.

పట్టుకోవడానికి నేను మూడు చోట్ల చూస్తాను. ఎం1 రైఫిల్‌కు బోల్టును లాగే పిడి కుడి పక్కన ఉంటుంది. మెరైన్ల పాత నమూనా చొక్కాకు ఛాతీ మీద ఒకే జేబు, ఎడమ పక్కన, దాని మీద గద్ద, భూగోళం, లంగరు ముద్ర. ఆ జేబు కుడి పక్కకు వచ్చిందంటే ఫోటో తిరగబడినట్టే. మూడోది నేల ఆకారం. ఇవో జిమాను దాడి జరిగిన తీరం వైపు సముద్రం నుంచి చూస్తే సూరిబాచీ కొండ ఎడమ చివరన ఉండాలి. అది కుడి చివరన ఉంటే నెగెటివ్ తిరగబడిందని తొందరపడి రాయకండి. తర్వాతి రోజుల్లో సరుకు దించడానికి పడమటి తీరాన్ని కూడా వాడారు, అటు నుంచి చూస్తే కొండ కుడి వైపునే ఉంటుంది. కొండ ఒక్కటే చెబితే నమ్మను. కొండా, రైఫిలూ కలిసి చెబితే నమ్ముతాను.

నేల, చెట్లు

ఇక్కడ ఎక్కువ చెప్పను, కళ్లుంటే తెలిసే విషయాలే. ఇవో జిమా అగ్నిపర్వతపు బూడిద ఇసుక, అడుగు పెడితే దిగబడుతుంది, కొబ్బరి చెట్లు ఒడ్డున వరుసగా నిలబడి ఉండవు. తరావాలో యుద్ధం జరిగిన బెటియో దీవి చదునుగా అరచేయిలా ఉంటుంది, ఎక్కడా కొండ లేదు. ఒడ్డు వెంట కొబ్బరి దుంగలతో కట్టిన గోడ, మడుగులోకి సుమారు 500 గజాలు చొచ్చుకుపోయిన పొడవాటి రేవు వంతెన దాని గుర్తులు. (తరావా ఉన్న కిరిబాటీ దేశపు భాషలో 'టి' ధ్వనికి రాసే రోమన్ అక్షరాలను 'స్' అని పలుకుతారు. అందుకే కిరిబాటీని స్థానికులు కిరిబాస్ అంటారు, బెటియోను బేసియో అంటారు. పత్రికలో అలా రాస్తే ఎవరూ ఒప్పుకోలేదు.) సైపాన్‌లో చెరకు తోటలూ, చరన్ కనోవా చక్కెర మిల్లు పొగగొట్టమూ కనిపిస్తాయి. పెలెలియులో ఒడ్డు దాటగానే పదునైన సున్నపురాతి గుట్టలు. ఒకినావాలో మెట్లు మెట్లుగా పొలాలు, తాబేలు వీపులా ఉండే రాతి సమాధులు.

రంగులు అద్దిన ఫోటోల విషయంలో మాత్రం జాగ్రత్త. ఇవో జిమా నల్ల ఇసుకకు గోధుమ రంగు వేసి, పైన నీలాకాశం పెట్టిన ప్రతి ఒకటి నా దగ్గర ఉంది, విహారయాత్రలా ఉంటుంది. నిజమైన రంగు ఫిల్ము ఆనాడే ఉంది, తరావా చలనచిత్రాలు రంగుల్లోనే తీశారు. కానీ ఇటీవల ఎవరో అద్దిన రంగును ఆధారంగా తీసుకుని దేన్నీ తేల్చవద్దు. నలుపు తెలుపు ప్రతి వెతికి దాన్నే చూడండి.

హెల్మెట్లు, వాహనాలు, విమానాల మీది నక్షత్రాలు

సంవత్సరం పట్టుకోవడానికి ఇవి పనికొస్తాయి.

హెల్మెట్‌కు మచ్చల మచ్చల గుడ్డ తొడుగు ఉంటే చాలా వరకు మెరైన్లు. ఖాళీ ఉక్కు హెల్మెట్టో, వల కప్పినదో అయితే సైన్యం (ఆర్మీ) కావచ్చు. 1942 గ్వాడల్‌కనాల్‌లో మాత్రం మెరైన్లకు కూడా ఆ తొడుగులు అంతగా కనిపించవు, కాబట్టి అక్కడ ఈ సూత్రం నడవదు. గ్వాడల్‌కనాల్ మెరైన్ల చేతుల్లో ఎక్కువగా ఉన్నది పాత స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్. తరావా నాటికి ఎం1 వచ్చేసింది.

నీటిలోనూ నేల మీదా నడిచే ఆమ్‌ట్రాక్ బండ్లు ఇంకా మంచి సాక్షులు. తరావాలో వాడిన రకాలకు వెనక తలుపు లేదు. సైనికులు పక్క గోడల మీది నుంచి దూకాల్సిందే, కాల్పుల్లో అది ఎంత ప్రమాదమో ఊహించండి. వెనక పక్క కిందికి దించే తలుపు ఉన్న నాలుగో నమూనా మొదటిసారి యుద్ధంలోకి వచ్చింది 1944 జూన్‌లో సైపాన్‌లో. అందుకే వెనక తలుపు తెరిచిన ఆమ్‌ట్రాక్ కనబడిన ఫోటో కింద "తరావా, 1943" అని ఎవరు రాసినా నేను కొట్టేస్తాను.

విమానం కనిపిస్తే రెక్క మీది నక్షత్రం చూడండి. 1942 మే దాకా అమెరికన్ నక్షత్రం నడుమ ఎర్రటి చుక్క ఉండేది. జపాన్ గుర్తుతో పొరబడకుండా దాన్ని తీసేశారు. 1943 జూన్ చివర్లో నక్షత్రానికి రెండు పక్కలా తెల్లటి పట్టీలు చేర్చారు. గ్వాడల్‌కనాల్ దాడి నాటి విమానానికి పట్టీలు ఉండకూడదు, తరావా నాటి విమానానికి ఉండాలి. ఇంత కచ్చితంగా తేదీ చెప్పే వస్తువు ఈ ఫోటోల్లో ఇంకొకటి నాకు దొరకలేదు.

వెనక్కి తిప్పండి

చేతిలో ఉన్నది ప్రింటు అయితే వెనక పక్క ముందు పక్కంత విలువైనది. స్కాన్ అయితే, వెనక పక్కను కూడా స్కాన్ చేసి పెట్టిన చోటు వెతకండి. సంఖ్య ముందు 80-జి అని ఉంటే నౌకాదళానిది, 127 ఉంటే మెరైన్లది, 111-ఎస్‌సి అయితే సైన్యం సమాచార విభాగమైన సిగ్నల్ కోర్‌ది, 26-జి అయితే కోస్ట్ గార్డ్‌ది. అమెరికా జాతీయ అభిలేఖాగారం ఇప్పటికీ ఈ సంఖ్యలతోనే వాటిని భద్రపరుస్తోంది. ఎవరు తీశారో తెలిస్తే కెమెరా ఎక్కడుందన్న మొదటి ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. సంఖ్యల వరుసను మాత్రం తేదీల వరుస అనుకోకండి.

వెనక తేదీ ఉంటే అది ఏ తేదీ అని అడగండి. తీసిన రోజు ఒకటి, సెన్సార్ విడుదల చేసిన రోజు ఒకటి, అచ్చయిన రోజు ఒకటి. మధ్యలో నెలలు గడిచిపోవచ్చు. న్యూగినీలో బూనా పోరాటం 1943 జనవరిలో ముగిసింది. అక్కడి ఇసుకలో పడి ఉన్న ముగ్గురు అమెరికన్ సైనికుల మృతదేహాలను జార్జ్ స్ట్రాక్ తీసిన ఫోటో లైఫ్ పత్రికలో వచ్చింది 1943 సెప్టెంబరు 20 సంచికలో. అంతకుముందు దాకా తమ మృతుల ఫోటోలను సెన్సార్ బయటికి రానిచ్చేది కాదు. ఆ ఫోటోలో కూడా ముఖాలు కనబడవు. తరావాలో 76 గంటల్లో సుమారు వెయ్యి మంది అమెరికన్లు చనిపోయారు. అక్కడి మృతదేహాలు కనిపించే చలనచిత్రాన్ని ప్రజలకు చూపించడానికి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ అనుమతి కావాల్సి వచ్చింది.

సెన్సార్ కుంచె పని కూడా కనిపెట్టవచ్చు. యుద్ధనౌక స్తంభం పైభాగం మసకగా, చుట్టూ ఆకాశం కంటే కాస్త వేరే రంగులో ఉందా? అక్కడ రాడార్ ఉండేది, చెరిపేశారు. నేను ప్రింటును ఏటవాలుగా దీపం కింద పట్టుకుని చూస్తాను. కుంచె పూత పడిన చోట మెరుపు తేడాగా ఉంటుంది. ఇది స్కాన్‌లో దొరకదు.

పేర్లు రాసే ముందు: సూరిబాచీ పాఠం

ఇవో జిమా జెండా ఫోటో గురించి తెలియనివారు ఉండరు. దానిలో ఉన్నవారి పేర్లు సరిచేయడానికి 74 ఏళ్లు పట్టిందని తెలిసినవారు తక్కువ.

1945 ఫిబ్రవరి 23 ఉదయం సూరిబాచీ మీద మొదట ఒక జెండా ఎగిరింది, 54 అంగుళాల పొడవు, 28 అంగుళాల వెడల్పు. దాన్ని ఫోటో తీసింది మెరైన్ల పత్రిక ఫోటోగ్రాఫర్ లూయీ లోవరీ. అది దూరం నుంచి చిన్నగా కనబడుతోందని తర్వాత 96 అంగుళాల పెద్ద జెండాను పైకి తెచ్చారు. ఆ రెండో జెండా ఎత్తుతుండగా అసోసియేటెడ్ ప్రెస్ ఫోటోగ్రాఫర్ జో రోసెంథాల్ తన స్పీడ్ గ్రాఫిక్ కెమెరాతో, సెకనులో 400వ వంతు వేగంతో, ఒక్క ఫోటో తీశాడు. చూపు సరిగా లేదని సైన్యం చేర్చుకోని మనిషి ఆయన. పొట్టివాడు కావడంతో రాళ్లు పేర్చుకుని పైకెక్కి నిలబడ్డాడు. పక్కనే బిల్ జెనౌస్ట్ అదే క్షణాన్ని రంగు చలనచిత్రంగా తీశాడు, మార్చిలో అదే దీవిలో చనిపోయాడు. రోసెంథాల్ ఫిల్ము విమానంలో గ్వామ్‌కు వెళ్లింది, అక్కడ కడిగి రేడియో ద్వారా పంపారు, తీసిన పద్దెనిమిది గంటల లోపే అమెరికా చేరింది. ఆయన మాత్రం తను తీసింది చాలా రోజుల దాకా చూసుకోలేదు. ఫోటో ఏర్పాటు చేసి తీయించారా అని గ్వామ్‌లో ఎవరో అడిగితే, తర్వాత తీసిన గుంపు ఫోటో సంగతి అనుకుని అవునన్నాడు. ఆ ఒక్క మాట ఆయన్ను జీవితాంతం వెంటాడింది. అడిగేవారు ఏ ఫోటో గురించి అడుగుతున్నారో చూపించి అడగాలన్నది నేను ఈ కథ నుంచే నేర్చుకున్నాను.

ఇక పేర్లు. ఆరుగురిలో హాంక్ హాన్సెన్ అన్న పేరు తప్పనీ, అతను హార్లన్ బ్లాక్ అనీ 1947లో తేలింది. 2016లో జాన్ బ్రాడ్లీ స్థానంలో హెరాల్డ్ షుల్ట్జ్ పేరు వచ్చింది. 2019లో రెనే గాన్యోన్ స్థానంలో హెరాల్డ్ కెల్లర్ పేరు వచ్చింది. ఇవి ఎలా తేలాయో చూడండి. షుల్ట్జ్‌ను పట్టిచ్చింది హెల్మెట్ నుంచి వేలాడుతున్న పట్టీ. కెల్లర్‌ను పట్టిచ్చినవాటిలో వేలి పెళ్లి ఉంగరం ఒకటి. బ్రాడ్లీ విషయంలో ప్యాంటు అంచు మడతలు, నడుం బెల్టు అదే రోజు తీసిన ఇతర ఫోటోలతో సరిపోలేదు. ఈ చివరి రెండు మార్పుల్లో ముందుగా అనుమానం లేవనెత్తింది పెద్ద సంస్థలు కావు, ఓపికగా ఫోటోలు పక్కపక్కన పెట్టి చూసిన ఔత్సాహికులు.

చేయాల్సింది ఇదే. ఒక్క ఫోటోతో ఎవరి పేరూ రాయవద్దు. అదే రోజు, అదే చోట తీసిన మిగతా ఫోటోలన్నీ కూడబెట్టండి. ముఖాలను వదిలేయండి, దుమ్మూ అలసటా పట్టిన ముఖాలన్నీ ఒకేలా ఉంటాయి. పట్టీలు, చిరుగులు, మడతలు, జేబులో ఉబ్బెత్తుగా ఉన్న వస్తువులు చూడండి.

క్యాప్షన్లలో సాధారణంగా ఉండనివారు

ఈ ఫోటోలు తీసింది ఒక పక్షం. రెండో పక్షం ఇందులో శవంగానో, ఖైదీగానో తప్ప కనిపించదు. ఆ ఖైదీ విషయంలోనూ తప్పులు జరుగుతాయి. బెటియోలో జపాన్ పక్షాన ఉన్న దాదాపు 4,700 మందిలో ప్రాణాలతో పట్టుబడింది 146 మంది, వారిలో 129 మంది కొరియా నుంచి తెచ్చిన కూలీలు. కాబట్టి బెటియోలో ఒంటి మీద బట్ట లేకుండా కూర్చోబెట్టిన మనిషి ఫోటో కింద "జపాన్ సైనికుడు" అని రాస్తే తప్పయ్యే అవకాశమే ఎక్కువ. "ఖైదీ" అని రాయండి, చాలు. సైపాన్‌లో కనిపించే పిల్లలూ ఆడవాళ్లూ ఆ దీవుల మూలవాసులైన చమోరోలు కావచ్చు, జపాన్ నుంచి వచ్చి స్థిరపడినవారు కావచ్చు, వారిలో ఒకినావా వాళ్లు కూడా చాలామంది. "స్థానికులు" అన్న మాట అక్కడ అందరికీ సరిపోదు.

ఒక ఫోటోతో మొదటి నుంచి చివరి దాకా

ఒక ప్రదర్శన కోసం వచ్చిన ఫోటో ఇది. కింద "తరావా, 1943 నవంబరు 20" అని ఉంది. బొటనవేలు పెట్టాను.

నడుము దాకా నీళ్లలో సైనికులు బారుగా నడుస్తున్నారు, రైఫిళ్లు ఎత్తి పట్టుకున్నారు. అందరి వీపులే కనబడుతున్నాయి. కెమెరా వెనక, నీటికి కాస్త పైన ఉంది. ఎదురుగా కొబ్బరి చెట్లు, వాటి వెనక నల్లటి పొగ మేఘం. కొండ లేదు. ఇసుక గట్లు లేవు. పగడపు దిబ్బల దీవి అని ఒప్పుకోవచ్చు. ఇవో జిమా, సైపాన్, పెలెలియు పోయాయి.

తరావాలో నీళ్లలో నడిచారన్నది నిజమే. ఆ రోజు పోటు చాలా తక్కువగా ఉండి, సైనికులను దించే హిగ్గిన్స్ పడవలు పగడపు దిబ్బ దాటలేకపోయాయి. 500 గజాలకు పైగా నీళ్లలో నడవాల్సి వచ్చింది. కాబట్టి క్యాప్షన్ నిజమే అనిపిస్తుంది. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. ఆ బారులో మనుషులు ఒకరి వెనక ఒకరు ఎడంగా, వంగకుండా నడుస్తున్నారు. తరావాలో ఆ నీళ్లలో అలా నిటారుగా నడిచినవాళ్లు ఎందరు బతికారు? అది ఆధారం కాదు, అనుమానం. ఆధారం కోసం భూతద్దంతో హెల్మెట్లు చూశాను. ఒక్కదానికీ గుడ్డ తొడుగు లేదు. ఇరవై మందికి పైగా ఉన్నారు, ఒక్కరికీ లేదు. వీళ్లు మెరైన్లు కారు, సైన్యం.

అదే నవంబరు 20న, అదే గిల్బర్ట్ దీవుల్లో, ఉత్తరాన మేకిన్ పగడపు వలయంలోని బుటారిటారి దీవి మీద సైన్యం 27వ పదాతి డివిజన్ దళాలు దిగాయి. మడుగు వైపున ఎల్లో బీచ్ వద్ద నీళ్లలో నడిచే ఒడ్డు చేరాయి. ఒడ్డున చమురు నిల్వలు తగలబడుతున్నాయి, ఆ నల్ల పొగ అదే. వెనక పక్క స్కాన్ తెప్పించాను. 111-ఎస్‌సి సంఖ్య ఉంది, సిగ్నల్ కోర్ ఫోటో.

ప్రదర్శనకు నేను రాసిచ్చిన క్యాప్షన్: "గిల్బర్ట్ దీవులు, మేకిన్ వలయం, బుటారిటారి. 1943 నవంబరు 20. అమెరికా సైన్యం 27వ డివిజన్ సైనికులు మడుగు వైపు నుంచి ఒడ్డుకు నడుస్తున్నారు. వెనక పొగ బహుశా చమురు నిల్వలది. సైనికుల పేర్లు తెలియవు. ఫోటో: సిగ్నల్ కోర్." నిర్వాహకులు 'బహుశా' అన్న మాట బాగాలేదని తీసేయమన్నారు. తీయనన్నాను.